ఒక్కొక్కరూ ఒక్కొక్క పిడికెడు

తిరుత్తణిలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి ఆవును తెచ్చింది మాకు రోజూ పాలు పోసే ఆమె. ఆమెకున్నది ఆ ఒక్క ఆవే. తెల్లవారగానే దానికి పసుపు రాసి, కొమ్ములకు పూలు చుట్టి తోలుకొచ్చింది. కొత్త టైల్స్ మీద గిట్టలు జారుతుంటే భుజంతో ఆనుకొని జాగ్రత్తగా గడప దాటించింది.

పూజ కాగానే బంధువులంతా ఆవు చుట్టూ చేరారు. ఒకరు అరటిపండు, ఒకరు బెల్లం, ఇంకొకరు దొన్నెలో చక్కెర పొంగలి. పెట్టినవాళ్ళంతా ఆవు వెనక తాకి కళ్ళకద్దుకున్నారు. నేను పెట్టింది ఫోటోలో సరిగ్గా పడలేదంటే ఇంకోసారి పెట్టాను.

"చాలక్కా. గడ్డీ తవుడూ తినేది, దానికి ఇవంతా అలవాటు లేదు," అని ఆమె నా చెవి దగ్గర మెల్లగా చెప్పింది.

"ఈ ఒక్క దినానికి ఏమైపోతాదిమ్మా? తిననీ," అన్నాను.

భోజనాలయ్యాక అన్నం చాలా మిగిలింది. పారేయడానికి మనసు రాలేదు. పెద్ద బేసిన్ నిండా అన్నం, దాని మీద మిగిలిన పొంగలి వేసి ఆమె కొట్టానికి పంపించాను. మంచిపని చేశానని తృప్తిపడ్డాను కూడా.

మర్నాడు పాలు రాలేదు. వెళ్ళి చూస్తే ఆవు మెడ పక్కకు వాల్చి పడుకొని ఉంది. కొట్టమంతా పులిసిన వాసన. ఆమె దాని డొక్క నిమురుతూ కూర్చుంది.

"నెమరెయ్యడం నిలిపేసినాదక్కా. ఎంత లేపినా లెయ్యలేదు."

"ఆ అన్నమంతా పెట్టేసినావా?"

ఆమె తల దించుకుంది. "మీరు అంత ఇదిగా పంపించినారు గదా. పారబోస్తే ఏమనుకుంటారో అని..."

పశువుల డాక్టరు వచ్చి, అన్నం ఎంత తినిందని అరవంలో అడిగాడు. ముందురోజు మా ఇంట్లో ఒక్కొక్కరూ పెట్టింది ఒక్కొక్క పిడికెడే. అంతమంది పిడికెళ్ళు కలిస్తే ఎంతో ఎవరు చూశారు? ఆపైన నా బేసిన్. కడుపులో అన్నం పులిసిపోయిందని చెప్పి, అతను సోడా ఉప్పు నీళ్ళు తాగించి సెలైన్ ఎక్కించాడు.

ప్రాణం నిలిచింది. పాలు మాత్రం ఎండిపోయాయి. ఆవు మళ్ళీ ఈనేదాకా ఆమె ఒక మెస్సులో గిన్నెలు తోమడానికి పోయింది. నేను ప్యాకెట్ పాలు తెప్పించుకున్నాను. ఒకరోజు ఆవు దాణాకని వేరుశనగ చెక్క మూట ఆటోలో వేయించుకొని ఆమె ఇంటికి వెళ్ళాను. నన్ను కూర్చోబెట్టి, పాలు లేవని తానే సిగ్గుపడుతూ, డికాక్షన్‌లో బెల్లం వేసి ఇచ్చింది. ఒక్కమాటైనా అంటే బాగుండుననిపించింది. అనలేదు. ఆ గ్లాసు తాగడం నాకు కష్టమైంది.

మొన్న మా పక్కవీధిలో గృహప్రవేశం. నేను వెళ్ళేసరికి ఆమే ఆవును పట్టుకొని నిలబడి ఉంది. ఆవు ఈని, మళ్ళీ నిండుగా కనిపిస్తోంది. చుట్టూ జనం, చేతుల్లో దొన్నెలు. నన్ను చూడగానే ఆమె గబగబా దగ్గరికొచ్చింది.

"మీరు ఒక మాట చెప్పండక్కా. నేను చెప్తే యాడ వింటారు?"

నేను ముందుకు వెళ్ళి, పొంగలి వద్దు, గడ్డి పెట్టండి, దీనికి పడదు అన్నాను. ఆ ఇంటి పెద్దకోడలు నావైపు తిరిగింది.

"మీ ఇంట్లో మీరు పెట్టలేదా అత్తా? మేమంతా చూస్తానే ఉంటిమి."

అందరూ నవ్వారు. అయినా కదలకుండా ఆవు పక్కనే నిలబడ్డాను. పొంగలి వాసనకు అది ముట్టె చాచి లాగుతుంటే, రెండు చేతులతో దాని మొహం నావైపు తిప్పుకొని పట్టుకున్నాను. దాని ఎంగిలి నా పట్టుచీర మీద కారింది. కాసేపటికి జనం విసుక్కొని భోజనాలకు వెళ్ళారు. ఆమె ఆవును తోలుకొని బయటపడింది.

తాంబూలం ఇచ్చేటప్పుడు ఆ కోడలు నా మొహం చూడలేదు.