రోడియోలో దొరికిన బాబాయి

సింగపూరులో సెరంగూన్ మాల్‌లో పెంపుడు జంతువులు అమ్మే దుకాణం ముందు మా అమ్మాయి తన్వి అద్దానికి ముక్కు ఆనించి, పిడికెడు కూడా లేని ఎలుకలాంటి హామ్‌స్టర్‌ను చూపిస్తూ, కదలనంటే కదలనని మొండికేసింది. లోపల దుకాణం ఆవిడ పంజరం అడుగున పరిచిన రంపపు పొట్టును ఎత్తి సంచిలో పోస్తూ ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కోసిన చెక్క వాసన, దాని అడుగునుంచి తడిసిన పొట్టు ఘాటు, ఏసీ గాలితో పాటు వచ్చి మా ముఖాలకు తగులుతున్నాయి. అంత చిన్న ప్రాణి దగ్గర అంత పెద్ద వాసన ఉంటుందనుకోలేదు. ఆ వాసన వెంటే ఒక డిసెంబరు మధ్యాహ్నం, దాని జనం, దాని దుమ్ము, ఆ రోజు నాలో పుట్టిన కుళ్ళు, అన్నీ నిన్నటివిలా వచ్చి పడ్డాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, మా తమ్ముడు చిన్నుకి నాలుగు. హౌగాంగ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్ మాది. ఒక పక్క ఇంటి చైనీస్ అవ్వ కమలాపండు తొక్కలు వరండా పిట్టగోడ మీద ఎండబెట్టుకునేది, రెండో పక్కింటి మలయ్ ఆంటీ చేపలు వేయించే వేళకు మా అమ్మ పప్పులో పోపు పెట్టేది, ఆ రెండు ఘాట్లూ వరండాలో కలిసి లిఫ్టు దాకా వెళ్ళేవి. దీపావళికి మా సున్నుండలు వాళ్ళ ఇళ్ళకు వెళితే చైనీస్ కొత్త సంవత్సరానికి అనాసపండు టార్టులు మా ఇంటికి వచ్చేవి. వానాకాలంలో కింద ఆటస్థలంలో ఇసుక తడిసిపోయినప్పుడు పిల్లలమంతా వరండాలోనే చేరి, బియ్యం పోసి కుట్టిన గుడ్డ సంచులతో అచ్చనగాయల్లాంటి ఆట ఆడుతూ, ఎవరి అమ్మ ముందు పిలుస్తుందా అని చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళం.

నాన్న ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని చేసేవాడు. సాయంత్రం వచ్చి మేజోళ్ళు విప్పి, వాటిని ఒకదానిలో ఒకటి దూర్చి ఉండ చేసి, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "హోంవర్క్ అయిందా," "పాలు తాగావా," అంతే ఆయన మాటలు. ఆ రెండు మాటలకే నేను పొంగిపోయేదాన్ని. మా నాన్న తక్కువ మాట్లాడే మనిషి, ఆ తక్కువంతా మాదే అని నాకు గట్టి నమ్మకం. ఆయన దగ్గర ఇంకా మాటలున్నాయనీ అవి ఇంకెవరికోసమో దాచుకుని ఉన్నాడనీ నాకు కలలో కూడా తోచలేదు.

ఆ డిసెంబరు సెలవుల్లో మా లిఫ్టు పక్కన గోడ మీద ఒక పెద్ద రంగుల కాగితం అంటించారు. ఆస్ట్రేలియా నుంచి రోడియో వస్తోందట, గుర్రాలూ ఎద్దులూ వస్తాయట, సెంగ్‌కాంగ్ వైపు ఖాళీ మైదానంలో ఆడతారట. చిన్ను వారం రోజుల ముందు నుంచే ప్లాస్టిక్ కౌబాయ్ టోపీ పెట్టుకుని అన్నం తిన్నాడు, అది పెట్టుకునే నిద్రపోయాడు, గడ్డం కింద రబ్బరు దారం గీత పడిపోయింది. ఆదివారం నాడు అమ్మ పులిహోర, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, రెండు తువ్వాళ్ళు, గొడుగు, చిన్నుకి మార్చే నిక్కరు, అన్నీ ఒక సంచిలో కుక్కింది. సెంగ్‌కాంగ్ అప్పటికింకా ఎర్రమట్టి, క్రేన్లు, సగం లేచిన భవనాలు. బస్సు దిగినప్పటి నుంచే జనం. అమ్మ నా చెయ్యి కాదు, మణికట్టు పట్టుకుంది. చేతులు జారిపోతాయని ఆవిడ భయం. గేటు దగ్గర తోపులాటలో ఎవరి సంచో నా చెంపకు రాసుకుపోతూ ఉంటే, పైకి చూస్తే మోచేతులూ, తలల మీద టోపీలూ, వాటి మధ్య ఇంత ఆకాశం.

ఇనపగొట్టాల మీద చెక్కలు పరిచి మెట్లుమెట్లుగా కట్టిన బల్లల మీద అమ్మ నాలుగు టిష్యూ పొట్లాలు వరసగా పెట్టి నాలుగు చోట్లు చోప్ చేసింది. టిష్యూ పొట్లం ఉన్నచోట ఇంకెవరూ కూర్చోరని ఈ దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. గోదా నిండా రంపపు పొట్టు పోసి ఉంది. గళ్ళ చొక్కాలవాళ్ళు గుర్రాల మీద వచ్చి తాళ్ళు విసిరారు, ముఖానికి రంగు పూసుకున్న ఒకాయన పీపాలో దూరి దొర్లాడు, మైకులో ఎవరో అర్థంకాని ఇంగ్లీషులో అరిచారు. చిన్నుకి రెండుసార్లు బాత్రూమ్ అవసరం వచ్చింది, రెండుసార్లూ ఆ పొడుగాటి వరసలో వాణ్ణి నిలబెట్టి తెచ్చింది అమ్మే. నాన్న మామూలుగానే చేతులు కట్టుకుని, బ్యాంకులో సమావేశానికి వచ్చినవాడిలా కూర్చుని ఉన్నాడు. నేను ఆయన మోచేతికి తల ఆనించుకుని, ఇదంతా బాగానే ఉంది అనుకుంటున్నాను.

అప్పుడు ఎద్దును వదిలారు.

బూడిదరంగు ఎద్దు. వీపు మీద ఎత్తయిన మూపురం, మెడ కింద మడతలు మడతలుగా ఊగే గంగడోలు. ఒక మనిషిని మీద పెట్టుకుని అది గాలిలోకి లేచి మెలి తిరిగేసరికి నా తలకింద మోచెయ్యి మాయమైంది. నాన్న లేచి నిలబడ్డాడు. సరిగ్గా అదే క్షణంలో నాలుగు వరసల కింద నుంచి ఒక గొంతు, మైకుని కూడా మించి, "ఓరి దీని దుంపదెగ! ఇది మన వొంగోలు గిత్తేరా!" అని అరిచింది.

"మన రక్తమే!" అని మా నాన్న అరిచాడు. మా నాన్న అరవడం నేను అంతకుముందు వినలేదు. "ఆ మూపురం చూడవయ్యా! ఎవురిదయ్యా ఊరు?"

"మేదరమెట్ల కాడ! మీదెక్కడన్నా?"

"అద్దంకి!"

అంతే. నాన్న బల్లల మీదుగా, కాళ్ళ మీదుగా, ఎవరి నీళ్ళ సీసానో తన్నేసి, కిందికి దిగిపోయాడు. ఆ మనిషి పేరు కోటయ్య. షిప్‌యార్డులో వెల్డింగు పని, ఒంటరిగా వచ్చాడు, ఆదివారం సెలవు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, ఆ ఎద్దు వయసు నాలుగు పళ్ళా ఆరు పళ్ళా అని అంత దూరాన్నుంచే వాదించుకున్నారు. మా నాన్న వాళ్ళ తాత బండలాగుడు పోటీలకు తోలుకెళ్ళిన జత గురించి, ఎడంపక్క దాపటిది ఎంత పెంకిదో, కుడిపక్క వలపటిది ఎంత నమ్మకమైనదో పగలబడి నవ్వుతూ, చేతులు ఊపుతూ చెబుతున్నాడు. కాసేపటికి వెనక్కి తిరిగి చిన్నుని అందుకుని కోటయ్య భుజాల మీదికి ఎక్కించాడు. నేనూ లేచాను.

"నువ్వు పెద్దదానివి గదా, అమ్మ దగ్గర కూకో," అన్నాడు నాన్న. 'కూకో' అన్నాడు. మా ఇంట్లో ఎప్పుడూ 'కూర్చో' అనేవాడు.

నాకు కడుపులో మంట మొదలైంది. ఆ కోటయ్య మీద మంట, ఆయన భుజాల మీద ఊగుతున్న తమ్ముడి మీద మంట, నేనెన్నడూ చూడని ఆ తాత మీద, ఆ దాపటి ఎద్దు మీద, చివరికి రంపపు పొట్టులో గిట్టలు దువ్వుతున్న ఆ బూడిదరంగు ఎద్దు మీద కూడా మంట. నేను తొమ్మిదేళ్ళుగా నాన్న పక్కన కూర్చుంటే రాని నవ్వు దానికి ఒక్క గంతుతో వచ్చింది. తల తిప్పి చూస్తే అమ్మ పులిహోర డబ్బా మూత పట్టుకుని, తెరవకుండా, కిందికే చూస్తూ ఉంది.

"ఈ మనిషి ఇట్టా నవ్వటం నేను పెళ్ళిలో కూడా చూళ్ళేదు," అంది.

అమ్మ ముఖంలో ఉన్నది నాకు తెలిసిన మంటే. ఇద్దరం దగ్గరికి జరిగి కూర్చున్నాం. వేరుశెనక్కాయలు వలిచి ఒకరి చేతిలో ఒకరం పెట్టుకున్నాం, వాళ్ళ వాటా కూడా తినేశాం.

ఆట సగంలో ఉండగా వాన దంచి కొట్టింది. జనమంతా రేకుల పందిరి కిందికి ఒక్కసారిగా తోసుకొచ్చారు, పిల్లల ఏడుపులు, తడి జుట్టు వాసన, పేడ వాసన. కోటయ్య భుజం మీద చిన్ను నిద్రపోయాడు. ఆయన వాడి నెత్తిమీద తన రుమాలు కప్పి, మాకు దారి చేస్తూ బస్టాపు దాకా వచ్చాడు. దారిలో నాకు చెరుకురసం కొనిపెట్టబోతే వద్దన్నాను. "బాబాయికి థాంక్స్ చెప్పు," అన్నాడు నాన్న. "థాంక్యూ అంకుల్," అన్నాను, ఆ 'అంకుల్' మీద ఒత్తి పలికి. బస్సు వచ్చింది. అప్పుడు అమ్మ, ఎవరూ అడగకుండానే, "వచ్చే ఆదివారం భోజనానికి రండి," అంది ఆయనతో.

ఇంటికొచ్చాక అమ్మను నిలదీశాను, ఎందుకు పిలిచావని. తడి తువ్వాళ్ళు పిండుతూ అమ్మ నెమ్మదిగా చెప్పింది. "పిలవకపోతే మీ నాన్నే ఎతుక్కుంటా ఎల్తాడు. ఆ నవ్వేదో మనింట్లోనే నవ్వనీ."

అలా ప్రతి ఆదివారం కోటయ్య మా ఇంటికి రావడం మొదలైంది. వస్తూ చిన్నుకి ఏదో ఒకటి తెచ్చేవాడు, అమ్మను "వదినా" అని పిలిచి గిన్నెలు తోమబోయేవాడు, అమ్మ లాక్కునేది. భోజనాలయ్యాక నాన్నా ఆయనా చాప మీద పడుకుని ఎద్దుల సుడుల గురించీ మచ్చల గురించీ మాట్లాడుకునేవాళ్ళు. ఆయనకు నా వయసు కూతురుంది, పేరు పార్వతి. దూడకు తనే మేత వేస్తుందట, ముకుతాడు పట్టుకుని చెరువు దాకా తనే నడిపించుకెళ్తుందట. "ఎంత గట్టిపిల్లయ్యా!" అనేవాడు నాన్న. నేను లెక్కల్లో క్లాసులో మొదటిదాన్నని ఆయనకు గుర్తు చేయాలనిపించేది. ఎన్నడూ చూడని పిల్లను తలుచుకుని కుళ్ళుకుంటూ నేను గదిలో పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక్క అక్షరమూ చదవకుండా, వాళ్ళ మాటలన్నీ వినేదాన్ని.

ఒక ఆదివారం కోటయ్య మా ఇంటి ఫోను నుంచి వాళ్ళ ఊరి ఎస్టీడీ బూతుకి ఫోను చేశాడు. బూతువాళ్ళు పార్వతిని పిలుచుకొచ్చారు. కాసేపు మాట్లాడాక, ఏం తోచిందో, రిసీవరు నా చేతిలో పెట్టి, "మాట్లాడమ్మా, మా పిల్ల," అని తను అమ్మకు సాయం చేయడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

"నువ్వేనా సింగపూరు పిల్లవి?" అంది అటు నుంచి ఒక సన్నటి గొంతు.

"ఊ."

"మా నాయన ఆదివారం ఆదివారం మీ ఇంట్లో అన్నం తింటాడంటగా."

"తింటాడు."

లైను గరగరలాడింది. ఫోను పోయిందనుకున్నాను. అప్పుడు ఆ గొంతు, గొడవకు దిగినట్టు కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. "నువ్వంటే నాకు ఒళ్ళు మంట."

ఆ మాట నేను అనాల్సింది. ఆ పిల్లను అనడానికి ఎన్ని ఆదివారాల నుంచో నా దగ్గర సిద్ధంగా ఉన్న మాట అది.

"గోంగూరలోకి ఉల్లిపాయ నంజుకుంటాడు మా నాయన," అంది మళ్ళీ. "పెడుతున్నారా?"

"పెడతాం," అన్నాను.

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి అమ్మనడిగి ఒక ఉల్లిపాయ తీసుకున్నాను. నాకు కత్తి పట్టడం సరిగా రాదు, ముక్కలు మందంగా వచ్చాయి, కళ్ళు నీళ్ళు కారాయి. పళ్ళెంలో గోంగూర పక్కన వాటిని పెట్టి, "బాబాయ్, ఉల్లిపాయ," అన్నాను. ఆయన ఒక్క క్షణం చెయ్యి ఆపి పళ్ళెం వైపు చూశాడు, ముక్కలన్నీ తిన్నాడు. కుళ్ళు ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధం. కానీ ఆ రోజు నుంచి అది అంత మండేది కాదు. మంటలో నాకొక తోడు దొరికింది.

తర్వాత రెండేళ్ళకు కోటయ్య బాబాయి పని పర్మిట్ గడువు అయిపోయి ఊరికి వెళ్ళిపోయాడు. నాన్న మళ్ళీ మేజోళ్ళ ఉండ, బాల్కనీ కుర్చీ, రెండు మాటలు.

ఇప్పుడు సెంగ్‌కాంగ్‌లో ఆ మైదానం ఎక్కడుండేదో నేను చెప్పలేను. ఎటు చూసినా భవనాలే, వాటి మధ్యనుంచి ఎల్‌ఆర్‌టీ రైలు గుండ్రంగా తిరిగి వచ్చిన చోటికే వస్తుంది. హౌగాంగ్ వరండాలో కమలాపండు తొక్కలు లేవు, ఆ అవ్వా లేదు. మేదరమెట్ల దగ్గర బాబాయి కొట్టంలో ఇప్పుడు ట్రాక్టరు ఉంటుందట. పార్వతిని నేను ఇంతవరకూ చూడలేదు.

హామ్‌స్టర్ కొననందుకు అలిగిన తన్విని ఆ సాయంత్రం అమ్మావాళ్ళింట్లో నాన్న దగ్గర వదిలి, వంటింట్లో అమ్మతో టీ తాగి వచ్చేసరికి, హాల్లో ఒక గొంతు వినపడింది. నాన్న సోఫా అంచుకు జరిగి, చేతులు ఊపుతూ, వాళ్ళ తాత బండలాగుడు కథ చెబుతున్నాడు. గంగడోలు అంటున్నాడు, దాపటి ఎద్దు అంటున్నాడు. సగం మాటలు అర్థంకాని నా ఆరేళ్ళ కూతురు నోరు తెరుచుకుని వింటోంది. నాకు ఎన్నడూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పని కథ. ముప్ఫై దాటినదాన్ని, నా కన్నకూతుర్ని చూసి, ఆ గుమ్మంలో నిలబడి కుళ్ళుకున్నాను.

వెళ్ళి సోఫాలో వాళ్ళ పక్కన ఇరుక్కోబోయాను.

"నో లా మమ్మీ!" అంది తన్వి. "తాతయ్య నాకు చెప్తున్నాడు. నీక్కాదు."

నాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కాళ్ళు ముడుచుకుని కాస్త పక్కకు జరిగాడు. నేను కూర్చున్నాను.

"యాడిదాకా వచ్చాం?" అన్నాడు.

"ఎద్దు పడిపోయింది," అంది తన్వి, నా వైపు చూడకుండా. "ఇంకా లేవలేదు."