కాణిపాకం ఒట్టు, చైనా మిషను

చెంగమ్మ ఫోను చేసిందంటే పెద్ద విషయమే అయి ఉండాలి. కిందటేడు గొంతులో గడ్డ తీయించుకున్నప్పటి నుంచి ఆమెకు మాట పైకి రావడం లేదు. ఎదురుగా కూర్చుని చెప్పినా చెవి ఒగ్గి వినాల్సిందే. ఆ ఫోను వచ్చేసరికి నేను గూడూరు నిమ్మకాయల మార్కెట్లో లారీల హారన్ల మధ్య నిలబడి ఉన్నాను. గోడ చాటుకు పోయి, రెండో చెవి మూసుకుంటే ఈ మాత్రం అందింది.

"అన్నా, మీ ఫ్రెండుకు సెవులు బాగా మందమైపోయినాయి. డాక్టరు మిషను ఇచ్చినాడు. పెట్టుకోడు. అరిస్తే గానీ ఆయనకు ఇనబడదు, నేను అరవలేను. ఇంట్లో ఇద్దరం ఉండామనే గానీ మాటల్లేవన్నా. నువ్వొచ్చి సెప్తే ఇంటాడేమో."

ఆ ఫ్రెండు మునిరత్నం, చెంగమ్మ భర్త. నేనూ చిత్తూరులో పెరిగినవాణ్ణే, అతనితో కుర్రతనం నుంచి స్నేహం. అక్కడే రేడియో రిపేరు షాపు నడిపేవాడు. మిషను ఎందుకు పెట్టుకోడో ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు. అది చైనాది అయి ఉంటుంది.

సరిహద్దులో మన జవాన్లు చనిపోయిన ఏడాది దేశమంతా చైనా సరుకు వద్దని ఊగిపోయింది. చిత్తూరు బజారులోనూ కొందరు ఫోన్లు నేలకేసి కొట్టారు. మునిరత్నం ఏదీ పగలగొట్టలేదు. కాణిపాకం పోయి, చైనాలో చేసిన వస్తువు ఇక ముట్టనని వినాయకుడి ముందు ఒట్టు పెట్టుకుని వచ్చాడు. మా వైపు కాణిపాకం ఒట్టంటే ఆషామాషీ కాదు. తాగుడు మానాలన్నా, పొలం తగాదా తేలాలన్నా ఆ స్వామి ముందే ప్రమాణం చేస్తారు. తప్పితే ఆయన ఊరుకోడని గట్టి నమ్మకం. ఫోన్లు పగలగొట్టినవాళ్ళు కొన్నాళ్ళకు కొత్తవి కొన్నారు, అవీ చైనావే. మునిరత్నం మాత్రం షాపు మూసేశాడు. ఏ మిక్సీ విప్పినా, ఏ టీవీ విప్పినా లోపల ఆ దేశం ముక్క కనబడుతుంటే ఇంకేం రిపేరు చేస్తాడు? చెవి మిషను వేరే దేశానిది కొందామని చెంగమ్మ అడిగితే, దాన్నీ అమ్మే షాపులోనే విప్పించి, లోపల చైనా ముక్క ఉందని చూపించి వచ్చాడని తర్వాత తెలిసింది. మనిషి మొండి. మొండివాడు కాబట్టే నాకు ఇష్టం.

మర్నాడు పొద్దున ఏడున్నరకు గూడూరులో తిరుపతి ప్యాసింజరు ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు కుడివైపు కిటికీ పట్టుకోండి. వెంకటగిరి దాటేదాకా వెలికొండలు మీతోపాటే వస్తాయి. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లం కొనుక్కుని కూర్చున్నాను. చట్నీ నీళ్ళు, ఇడ్లీ మాత్రం వేడి.

ఎదురుగా ఒక అమ్మాయి కూర్చుంది. శ్రీ సిటీలో ఫోను విడిభాగాల ఫ్యాక్టరీలో పని, సెలవని వెంకటగిరి ఇంటికి పోతోంది. పక్కన ఏర్పేడులో ఎరువుల షాపు ఉన్న పెద్దమనిషి. నాకు నోరు ఊరుకోదు. మీ ఫ్యాక్టరీ చైనావాళ్ళదా అని అడిగాను.

"మెషిన్లు వాళ్ళవి తాతా," అంది. సార్ అంటుందనుకున్నాను, పోనీలే. "బిగించేదానికి వాళ్ళ ఇంజినీర్లు వచ్చినారు. నవ్వేది లేదు, కబుర్లు లేవు. మేము తప్పు చేస్తే మాత్రం తిట్టకుండా పక్కన నిలబడి మళ్ళా చేసి చూపిస్తారు. నాకు వాళ్ళంటే మర్యాదే."

"మర్యాద నాకూ ఉన్నిందమ్మా," అన్నాడు ఎరువుల షాపాయన. "నా కొడుకును డాక్టరు చదువుకు ఆడికే పంపినాను. రోడ్లు బాగుండాయి, హాస్టలు బాగుండాది, ఫీజూ మనకన్నా తక్కువే. ఆ కరోనా రోజులు వచ్చేసరికి వాకిట్లోకి కూడా రానీకుండా లోపలే పెట్టినారు. ఎవుర్ని అడగాల? అడిగేదానికే లేదు ఆడ."

"ఈడ అడిగితే మాత్రం జవాబు వస్తాండాదా?" అంది అమ్మాయి. పెట్టెలో నలుగురూ నవ్వారు.

నేను ఊరుకుంటానా? కోట్ల మందిని కూటికి లేని స్థితి నుంచి పైకి లాగిన ప్రభుత్వం అది, రైళ్ళు చూడండి, వంతెనలు చూడండి అని అందుకున్నాను. ఆయన రైళ్ళు ఒప్పుకున్నాడు, ప్రభుత్వాన్ని ఒప్పుకోలేదు. వెంకటగిరిలో దిగుతూ ఆ పిల్ల, "మీరిద్దరూ ఏర్పేడు దాకా తేల్చండి తాతా, నేను పోతాండా," అంది. తేలలేదు.

పదిన్నరకు తిరుపతిలో దిగి, షేర్ ఆటోలో తిరుచానూరు పోయాను. చెంగమ్మకు అమ్మవారి కుంకుమ తీసుకుపోదామని. శుక్రవారం కాదు గనక క్యూ తొందరగా కదిలింది. బయట పూలు కొంటూ, ఎదురు షాపులో వేలాడే ప్లాస్టిక్ మాలలు చూపించి, ఇవెక్కడివని పూలామెను అడిగాను.

"చైనావంట సామీ. నా పూలు సాయంత్రానికి వాడతాయి, రేపు మళ్ళా కొంటారు. అట్లా బతుకుతాండాను. వాళ్ళేమో వాడిపోని పూలు చేసినారు. ఆ దేశాన్ని ఏలేది ఎవురైతే నాకేంది, నా కడుపు కొట్టినారు." ఇంతలో ఆమె ఒళ్ళో ఫోను మోగింది. తీసి కొడుకుతో మాట్లాడింది. ఆ ఫోను ఎక్కడిదో నేను అడగలేదు.

తిరుపతి బస్టాండు దగ్గర భోంచేసి, ఒంటిగంట దాటాక చిత్తూరు బస్సు ఎక్కాను. సీటు దొరికింది. చంద్రగిరి దాటేసరికి ఎండా, కడుపు నిండిన మగతా కలిసి నన్ను ఎక్కడికో తీసుకుపోయాయి.

మా కుర్రతనంలో మునిరత్నం షాపు చిత్తూరు సందులో మంచమంత ఉండేది. సాయంత్రం పనయ్యాక షార్ట్‌వేవ్ తిప్పేవాడు. ఏరియల్ తీగ పక్కింటి మునగచెట్టుకు కట్టేవాళ్ళం. ఈల, గురగుర, మళ్ళీ ఈల, ఆ తర్వాత చైనా నుంచి తమిళంలో ఒక ఆడమనిషి గొంతు వచ్చేది. చిత్తూరువాళ్ళకు అరవం రాకపోవడం ఏముంది? ఆమె చైనా మనిషేనట. మా బజారు అరవంకంటే ఆమెదే శుద్ధంగా ఉండేది. మేమిద్దరం ఉత్తరాలు రాసేవాళ్ళం. వాళ్ళు కొండల బొమ్మల క్యాలెండరు, కత్తిరించిన ఎర్ర కాగితం పూలు పంపేవాళ్ళు. మా నాయన ఆ కవరు చూసి, "పోలీసోళ్ళు వస్తార్రా, నిమ్మకాయలు అమ్ముకునే ఇంటికి ఈ జాబులెందుకు?" అని వణికిపోయేవాడు. పోలీసులు రాలేదు. వీధి మాత్రం వచ్చేది. షాపు ముందు దర్జీ చైనాను పొగిడేవాడు, రిటైరైన హవల్దారు తిట్టేవాడు, మునిరత్నం ఒకరోజు ఇటు, ఒకరోజు అటు. రాత్రి షాపు మూసేదాకా అదే గొడవ. పేదవాళ్ళ దేశం పేదవాళ్ళ గురించే మాట్లాడుతోందని మాకు అప్పట్లో ఎంత నమ్మకం! ఇప్పుడది ప్రపంచాన్ని శాసించే దేశమైంది. మేము ముసలివాళ్ళమయ్యాం. దర్జీ లేడు, హవల్దారూ లేడు.

మూడున్నరకు చిత్తూరు. ఆటో దిగుతుండగానే అరుగు మీద నుంచి కేక వినబడింది. "వచ్చినావా అప్పా! నీ చైనా ఎట్లుండాది?" చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. వీధి చివర కుక్క లేచి చూసింది.

నేనూ అరిచాను. తప్పదు కదా. బాగుంది అన్నాను. మిషను పెట్టుకో అన్నాను. దేశాల మధ్య తగువు దేశాలు చూసుకుంటాయి, నీ చెవులేం చేశాయి అన్నాను. నేనొక మాట అరవడం, వీధి మొత్తం వినడం. పాలు పోయడానికి వచ్చినాయన సైకిలు ఆపాడు. ఎదురింటి టీచరమ్మ గేటు దగ్గరికి వచ్చింది.

"చెవి మిషనుకు, సరిహద్దుకు ఏం సంబంధమన్నా?" అన్నాడు పాలాయన.

"సంబంధం ఉండాది," అంది టీచరమ్మ. "మనం పెట్టే ప్రతి రూపాయీ ఆడికే పోతాండాది. ఈయనొక్కడే మాట నిలబెట్టుకున్నాడు."

నిజానికి ఆమె చెప్పింది నాకూ నచ్చింది. కానీ నేను వచ్చిన పని వేరు. ఇద్దరి మాటలూ మునిరత్నానికి అరిచి చేరవేశాను. అతను తొడ చరిచాడు.

"నాకు ఆ జనం మింద కోపం ల్యా అప్పా! వాళ్ళ మాదిరి పనిచేసేవాళ్ళు యాడ ఉండారు? ఆ సర్కారు మిందనే కోపం. జనం నోరు మూసి పెట్టినారు. ఎవురేం సెప్పినా ఇనరు. ఇనని సర్కారు ఎంత పెద్దదైతే ఏమి?"

చెంగమ్మ కాఫీ తెచ్చి అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. నాకు లోటా ఇస్తూ, నాకు మాత్రమే వినబడేలా అంది. ఆమెకు అంతకంటే గొంతు లేదు.

"రోజూ ఇదే సెప్తాడన్నా. జనం మాట ఆ సర్కారు ఇనదని. ఈ ఇంట్లో నా మాట ఇనేదెవురు?"

"ఏమంటాంది? ఏమంటాంది?" అని మునిరత్నం నా మోకాలు తట్టాడు.

పాలాయన, టీచరమ్మ నన్నే చూస్తున్నారు. మొగుడూ పెళ్ళాల మధ్య మాట, వీధిలో అరవాల్సిన మాట కాదు. అరవకపోతే అతనికి చేరదు. చెంగమ్మ వైపు చూశాను. చెప్పు అన్నట్టు తలూపింది. ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా అరిచాను.

పాలాయన సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. మునిరత్నం భార్య వైపు చూసి, లేచి లోపలికి పోయాడు. రాత్రి సంకటి, పప్పుచారు తిన్నాం. అతను గబగబా తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను అనవసరంగా వచ్చానేమో, వాళ్ళ మధ్య ఉన్న ఆ కాస్తా చెడగొట్టానేమో అని నిద్రపట్టక దొర్లాను.

పొద్దున లేచేసరికి మునిరత్నం గడ్డం గీసుకుని, ఉతికిన పంచె కట్టుకుని ఉన్నాడు. "కాణిపాకం పోదాం," అన్నాడు. బీరువా చూపించి, "ఏమ్మే, ఆ మిషను డబ్బా నువ్వు పట్టుకో," అన్నాడు. ఒట్టు ఇంకా ఉంది కనుక తను ముట్టలేదు.

ఎనిమిది గంటలకు బస్సు. చిత్తూరు నుంచి కాణిపాకం అరగంట దారి. వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే క్యూలో నిలబడటం కష్టం. స్వామి ముందుకు రాగానే మునిరత్నం చేతులు జోడించి మాట్లాడాడు. తన లెక్కలో మెల్లగానే మాట్లాడి ఉంటాడు. మండపమంతా వినబడింది.

"సామీ, నీ ముందర ఒట్టు పెట్టుకున్నాను. ఈ పొద్దు ఎనక్కి తీసుకుంటాండాను. ఆ సర్కారు మింద కోపం పోలేదు సామీ, పోదు కూడా. కానీ నా పెండ్లాం మాట నాకు ఇనబడాల. తప్పినందుకు ఏ శిక్ష ఏసినా నాకే ఎయ్యి. ఆమెకు ఒద్దు."

క్యూలో ఉన్నవాళ్ళు తోసుకోవడం మానేశారు. పూజారి హారతి పళ్ళెం చాపి, "స్వామి విన్నాడు, ముందుకు జరగండి," అన్నాడు. చెంగమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. అంత నమ్మినవాడు అంత భయాన్నీ నెత్తిన వేసుకుని ఆ మాట అన్నాడంటే మాటలు కాదు. నాకు అతని మీద ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది.

బయట బస్టాపు బల్ల మీద కూర్చున్నాం. చెంగమ్మ డబ్బా తెరిచి, డాక్టరు చూపించినట్టే మిషను అతని చెవిలో అమర్చింది. బస్సు హారను కొట్టగానే అతను ఉలిక్కిపడ్డాడు. చెంగమ్మ దగ్గరగా జరిగింది.

"ఇనబడతాండాదా?" అంది.

మునిరత్నం ఆమె వైపు తిరిగి, చెవి ఆమె నోటి దగ్గరికి వంచాడు. ఆపరేషను అయిన నాటికే అతనికి అరిస్తే తప్ప వినబడేది కాదు. గొంతు తగ్గిందని డాక్టరు కాగితం మీద రాసి చూపించినదే తప్ప, ఆ గొంతు అతను ఇంతవరకు వినలేదు.

"నీ గొంతు ఇట్లయిపోయిందా మే?" అన్నాడు. ఏడ్చాడు. "నాకు తెలీలా. ఇంత సన్నబడిపోయిందని నాకు తెలీనే లేదు."

నాకు అక్కడ పని లేదు. తిరుపతి బస్సు రాగానే ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే చెంగమ్మ మాట్లాడుతోంది, అతను తలవంచి వింటున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె ఆపలేదు.

తిరుపతిలో సాయంత్రం గూడూరు రైలు దొరికింది. రెండు రోజుల్లో ఆ పెద్ద దేశం గురించి ఎన్ని మాటలు విన్నానో గుర్తు చేసుకున్నాను. ఫ్యాక్టరీ పిల్ల మర్యాద, ఎరువుల షాపాయన భయం, పూలామె ఆకలి, టీచరమ్మ పట్టుదల. అన్నీ నిజాలే అనిపించాయి. నేనేమో వాళ్ళందరికీ జవాబులు చెప్పే తొందరలోనే ఉన్నాను.

రేణిగుంట దగ్గర పక్క సీటాయన ఫోనులో చైనా వార్త ఏదో చూస్తూ నన్ను కదిపాడు. "ఏమంటారు సార్, వీళ్ళు ఇక ప్రపంచాన్ని ఏలేస్తారా?"

మామూలుగా అయితే ఆయనకు సందు ఇచ్చేవాణ్ణి కాదు.

"మీరు చెప్పండి," అన్నాను. ఆయన గూడూరు దాకా చెబుతూనే ఉన్నాడు.