చెంగల్రాయుడి హోరు

పలమనేరు నుంచి తిరుపతికి ఉదయం ఆరుంబావు ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే తొమ్మిదిన్నరకల్లా దిగొచ్చు. కుడివైపు మాత్రం కూర్చోకండి, చిత్తూరు దాటాక ఎండ మొహాన కొడుతుంది. ఈ దారిలో నలభై ఏళ్ళుగా తిరుగుతున్న రిటైర్డ్ తెలుగు పంతుల్ని కాబట్టి ఇలాంటి సలహాలు బోలెడు ఇవ్వగలను. కానీ ఈసారి ప్రయాణానికి ముందు నేను చేసిన నిర్వాకం ఎవరూ చేయకూడదని ఇది రాస్తున్నాను.

నాతో బయల్దేరినవాడు చెంగల్రాయుడు. ఒకే బళ్ళో చదువుకున్నాం. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి "సారూ" అంటాడు గానీ, "నువ్వు" అనడం మానలేదు. నలభై ఐదేళ్ళు నాదస్వర మేళంలో ఒత్తు ఊదాడు. ఒత్తు అంటే నాదస్వరం లాంటిదే, ఇంకాస్త పొడుగు, వేళ్ళు ఆడించే పని లేదు. పాట మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఒకే స్వరం, ఆపకుండా. బుగ్గల్లో గాలి నింపుకుని, ఆ గాలిని వదులుతూనే ముక్కుతో మళ్ళీ పీల్చుకోవాలి. పెళ్ళి ఫోటోల్లో మేళం పడినా ఒత్తువాడు పడడు, వెనకాల కూర్చుంటాడు.

మూడేళ్ళ కింద అతని ఊపిరితిత్తులు చెడ్డాయి. అదే సమయానికి వాళ్ళ మేళం పెద్దాయన ఒక శ్రుతిపెట్టె కొనుక్కున్నాడు. మీట నొక్కితే అదే మోగుతుంది, దానికి భోజనం పెట్టక్కర్లేదు.

తిరుపతిలో ఒక సంస్థ పాత కళాకారులకు గుర్తింపు కార్డులు ఇస్తోందని తెలిసి దరఖాస్తు నేనే రాశాను. ఎదుట వాయించి చూపాలి, లేదా రికార్డింగ్ తేవాలి అన్నారు. అతని చివరి పెళ్ళి మేళం నా ఫోన్లో ఉంది. "రేషన్ కార్డులో కూలీ అని ఉండాది సారూ. ఒక్క కార్డులోనన్నా నేను చేసిన పని పేరు ఉండాల" అన్నాడు చెంగల్రాయుడు. అతను అడిగింది అంతే.

మొగిలి ఘాటు రోడ్డు దిగేటప్పుడు చలి తగ్గింది. ఏడున్నరకు చిత్తూరు బస్టాండులో పది నిమిషాలు ఆపారు. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్ళు. అక్కడ ఎక్కిన ఒక అమ్మాయి మా ముందు సీట్లో కూర్చుంది. శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో పనట, సెలవుకు ఇంటికొచ్చి తిరిగి పోతోంది.

రిటైరయ్యాక నాకు మాటలు ఏరుకునే పిచ్చి పట్టుకుంది. ఆ నెల నా నోటుబుక్కులో ఉన్న మాట 'హోరు'. సముద్రం హోరు, గాలి హోరు, వాన హోరు, తిరనాళ్ళ జనం హోరు, ఎన్నికల మైకుల హోరు అని రాసి, పక్కన అర్థం 'రొద, మోత' అని పెట్టుకున్నాను. ఈ మాట దేనికి వాడతావని ఆ అమ్మాయిని కూడా అడిగాను.

"షిఫ్టు దిగినా చెవుల్లో మిషన్ల హోరు పోదు సార్. ఇంటికొస్తే అది లేక నిద్ర పట్టదు" అంది. మళ్ళీ తనే, "శ్రీహరికోటలో రాకెట్టు పోయేటప్పుడు ఆ హోరు మా హాస్టలు కిటికీలకు తెలుస్తాది" అంది.

రెండు కొత్త వాడుకలు దొరికాయని సంబరంగా రాసుకున్నాను. పక్కనుంచి చెంగల్రాయుడు తొంగి చూశాడు.

"ఏం రాస్తా ఉండావు సారూ?"

"హోరు. మీ ఒత్తుది కూడా హోరే కదా?"

"మా నాయన ఒప్పుకునేవాడు కాదు. దీన్ని నేల అంటా ఉండె. నేల లేకుంటే సన్నాయి యాడ నిలబడతాది అనేవాడు" అన్నాడు.

అదీ రాసుకున్నాను. మాటలు రాసుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

తొమ్మిదీ ఇరవైకి తిరుపతి బస్టాండు. ఆటోలో సంస్థ ఆఫీసుకు పోతే పదకొండు ముప్పావుకు పిలిచారు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కళ్ళద్దాల ఆయన నా ఫోన్ తీసుకుని స్పీకరుకు తగిలించాడు.

నాదస్వరం ఖంగుమని మోగింది. డోలు ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపించింది. ఒక చంటిపిల్ల ఏడుపు, ఎవరో "అన్నం ఇటు పట్రాండప్పా" అని కేకేయడం కూడా వినిపించాయి. ఒత్తు వినిపించలేదు.

"సన్నాయి బ్రహ్మాండంగా ఉంది. ఇందులో మీరెక్కడ?" అన్నాడు కళ్ళద్దాల ఆయన.

చెంగల్రాయుడు తల వంచి, చెవి స్పీకరు వైపు పెట్టి విన్నాడు. "నేను లేను సార్" అన్నాడు నెమ్మదిగా.

నాకు అప్పుడు వెలిగింది. ఆ పెళ్ళిలో మండపం బయట జనరేటర్ మోగుతూ ఉండింది. అధికారులకు శుభ్రంగా వినపడాలని, ముందురోజు సాయంత్రం ఫోన్లో రొద తగ్గించే మీట నొక్కాను. ఆగకుండా ఒకే తీరుగా మోగేదాన్నంతా అది రొదగా లెక్కేసి చెరిపేస్తుంది. జనరేటర్‌తో పాటు చెంగల్రాయుణ్ణీ చెరిపేసింది. మొదటి నిమిషం విని, సన్నాయి తేటగా ఉందని మురిసిపోయి, ఫోన్లో జాగా లేదని పాతదాని మీదే సేవ్ చేశాను. అర్థం 'రొద' అని నోటుబుక్కులో రాసుకున్నవాడికి ఫోన్‌ని తిట్టే హక్కెక్కడిది!

తప్పు నాదని వాళ్ళకు చెప్పాను. "ఫోన్‌కే అక్కర్లేదనిపించిందన్నమాట" అని ఆ చివర కూర్చున్నాయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను, కార్డు వాళ్ళ చేతిలో ఉంది కదా.

"ఒక్క నిమిషం ఊదండి, చాలు" అన్నాడు కళ్ళద్దాల ఆయన, కొంచెం మర్యాదగానే.

చెంగల్రాయుడు వెంట తెచ్చిన ఒత్తుకు చుట్టిన గుడ్డ విప్పి గొట్టం తీశాడు. కొనన ఉండే ఊదే పుల్లను నోట్లో తడుపుకున్నాడు. స్వరం లేచింది, ఆ గది అంతా నిండింది. పదిహేను సెకన్లు ఉందేమో. అంతలో దగ్గు తెర కమ్మి గొట్టం బల్లకు తగిలింది. అటెండరు నీళ్ళు తెచ్చాడు. మంచి రికార్డింగ్ దొరికితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి అన్నారు. దొరకదని నేను చెప్పలేదు.

ఒంటిగంటకు బస్టాండు ఎదురుగా హోటల్లో భోంచేశాం. అతను పెరుగన్నం మాత్రం తిన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

రెండుంబావు బస్సు. చంద్రగిరి దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"ఫోను సంగతి పోనీలే. ఆ పొద్దు పెండ్లిలో నువ్వు మూడో వరసలో ఉండినావు కదా. నీ చెవుల్తో విన్నావా నన్ను?"

"విన్నాను. బ్రహ్మాండంగా ఊదినావు, చివరిదాకా" అన్నాను. నా బాధ కొద్దీ తొందరపడి అన్నాను.

అతను నా వైపు తిరిగాడు.

"తలంబ్రాలప్పుడే దగ్గొచ్చి గొట్టం కింద పెట్టేసినా సారూ. ఆడ్నుంచి అయిపోయేదాకా ఊదలేదు. ఎవురన్నా వెనక్కి తిరిగి సూస్తారేమో అని సూస్తా కూసున్నా. ఎవురూ తిరగలేదు. నువ్వూ తిరగలేదు."

చిత్తూరు వచ్చింది, పోయింది. ఘాటు ఎక్కేటప్పుడు బస్సు ఇంజను పెద్దగా మూలిగింది, ఇద్దరం అదే వింటూ కూర్చున్నాం. నోటుబుక్కు జేబులోంచి తీయలేదు.

అయిదున్నరకు పలమనేరులో దిగాం. బస్టాండులో పూలమ్మే ఆమె మమ్మల్ని చూసి, "తిరపతి నించేనా? దర్శనం బాగా అయిందా?" అని అడిగింది.

"బాగా అయిందమ్మా" అన్నాడు చెంగల్రాయుడు.