అమ్మ ఆడిన తొండి ఆట

మా అమ్మ అబద్ధం ఆడదని నేను చాలామందికి గొప్పగా చెప్పుకునేదాన్ని. కరోనా వచ్చిన ఎండాకాలం దాకా అది నిజమే. ఆ ఎండాకాలం సూర్యాపేటలో మా ఇంట్లో, నా కళ్లెదుటే, మూడు గవ్వలు బోర్లా పడి ఒక్కటంటే ఒక్కటి వెల్లకిలా పడితే, ఫోన్లో "అష్ట!" అని అరిచింది. తడబాటు లేదు, సిగ్గు లేదు. నేను నోరు తెరిచేలోపే అరచేయి చూపించి నన్ను ఆపేసింది.

మొదటినుంచి చెబుతాను. అమ్మవాళ్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దమ్మది మిర్యాలగూడ, చిన్నమ్మది కోదాడ, అమ్మ నా దగ్గరే సూర్యాపేటలో ఉంటుంది. ముగ్గురూ డెబ్బైకి అటూ ఇటూ. పొద్దున బస్సెక్కితే ఎండ ముదరకముందే ఒకరింట్లో ఒకరు దిగొచ్చు. పచ్చడి ఇచ్చి వస్తాననో, చీరకు ఫాల్ కుట్టించుకొస్తాననో చెప్పి నెలకోసారైనా కలిసేవాళ్లు. కలిశాక ఆ పచ్చడి సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

లాక్‌డౌన్‌కు కొద్ది వారాల ముందు పెద్దమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. డాక్టర్ చెప్పింది ఒక్కటే: రోజూ చాలాసార్లు లేచి నాలుగడుగులు వెయ్యాలి, లేకపోతే ఇక మంచానికే అంకితం. ఇంటికొచ్చి నడిపించే అమ్మాయి కొన్నాళ్లు వచ్చింది. ఆ తర్వాత అన్నీ మూతపడ్డాయి, ఆ అమ్మాయి రావడమూ ఆగిపోయింది. పెద్దమ్మ కోడలు, అంటే మా వదిన, ఫోన్ చేసి, నడవడానికి తెచ్చిన వాకర్ మీద తువ్వాళ్లు ఆరేస్తున్నామని చెప్పింది.

"అత్తమ్మ మంచం దిగుతలేదు. జర మీరన్న చెప్పుండ్రి. నేను చెప్తే మొకం గోడదిక్కు తిప్పుకుంటది" అంది ఏడుపు గొంతుతో.

నేను బడిలో టీచర్‌ని. సమస్య కనిపిస్తే చాలు, చేతులు ఊరుకోవు. వెంటనే ఒక టైంటేబుల్ తయారుచేశాను. ఆరింటికి కాళ్ల కసరత్తు, ఏడింటికి ప్రాణాయామం, పదింటికి వీడియో కాల్, సాయంత్రం మళ్లీ నడక. రంగురంగుల స్కెచ్ పెన్నులతో గీసి, ఫొటో తీసి ముగ్గురికీ పంపాను. చిన్నమ్మ దండం పెట్టే బొమ్మ పంపింది. పెద్దమ్మ అసలు తెరిచి చూడనేలేదు. పక్కగదిలో ఉన్న అమ్మ మాత్రం ఫోన్ పట్టుకుని నా దగ్గరికి నడిచొచ్చింది.

"గిదేమన్న బడి అనుకుంటున్నవా? డెబ్బై ఏండ్లోళ్లకు బెల్లు కొడ్తవా?" అని పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అంత కష్టపడి గీసింది మరి!

"నడువుమంటే మా అక్క నడువదే. ఆట అను, లేస్తది. చిన్నప్పుడు ఓడిపోయిన కోపంల గవ్వలు తీస్కపోయి బాయిల పారేసిన మనిషి" అని చెప్పి, అమ్మ తన ట్రంకు పెట్టె అడుగునుంచి నాలుగు గవ్వలు తీసింది.

అష్టాచెమ్మ ఆడని ఇల్లు మా వైపు ఉండదు. ఒక్కో వైపు అయిదేసి గళ్లు గీసుకోవాలి. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే కాయ అన్ని గళ్లు జరుగుతుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. మన కాయ వెళ్లి దిగిన గడిలో ఇంకొకరి కాయ ఉంటే అది చచ్చినట్టే, మళ్లీ మొదటినుంచి రావాలి. ఇంటు మార్కు వేసిన గడిలో ఉంటే మాత్రం దాన్ని ఎవరూ చంపలేరు. ఆట అంతా ఇంతే. మా అమ్మ దీనికి ఇంకో ముక్క అతికించింది.

"ముగ్గురికీ ఒక్కటే రూలు" అని కాన్ఫరెన్స్ కాల్‌లో ప్రకటించింది. "గవ్వలు మంచం కాడ, గళ్లు వరండల. గవ్వలు ఏసినోళ్లు లేచి నడిచిపొయ్యి కాయ జరపాలె. మిగిలినోళ్ల కాయలు గూడ యాది పెట్టుకోని అప్పుడే జరపాలె."

"నా కాళ్లు బానే ఉన్నయిగా అక్కా, నేనెందుకు లేవాలి?" అంది చిన్నమ్మ.

"నీకు షుగర్ లేదా? లెవ్వు!"

పెద్దమ్మ అప్పుడే కాయలు ఎంచుకుంటోంది. "నా కాయలు శనిగెలు. ఎర్ర గాజు ముక్కలు నాకొద్దు, అవి అచ్చిరావు" అంది. అమ్మ నావైపు చూసి కన్ను గీటింది.

పెద్దమ్మ వంగకూడదు కాబట్టి వదిన ఒక అట్టముక్క మీద గళ్లు గీసి, వరండాలో ఎత్తుబల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆట మొదలయ్యేది. వదిన పెరట్లో గిన్నెలు తోముకునే వేళ అది. ఫోన్ స్పీకర్‌లో ఉండేది. "మూడు!" అని పెద్దమ్మ అరవగానే వాకర్ చప్పుడు వినిపించేది. టక్, టక్, టక్. ఆ చప్పుడు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. మా బడి టీచర్ల గ్రూపులో కూడా రాసేశాను, మా పెద్దమ్మ నడుస్తోందోచ్ అని. టైంటేబుల్ గీసింది నేనేనని కూడా రాశాను, అబద్ధమెందుకు.

వారం గడిచాక ఒకరోజు ఆట అయిపోయినా అమ్మ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది.

"ఏమైంది?" అన్నాను.

"ఫోను మంచం కాడనే ఉంటది గద. మనిషి వరండలకు పోతే సప్పుడు దూరం పోవాలె. అక్కది పోతలేదు. ఎప్పుడిన్నా ఈడనే, చెవులనే కొడ్తుంది."

వదినకు ఫోన్ చేసి అడిగాను. గాలికి శనగలు చెదిరిపోతున్నాయని చెప్పి, రెండో రోజే అట్టముక్కను దిండు పక్కకు తెప్పించుకుందట. పెరట్లోకి వాకర్ చప్పుడు వినపడుతూనే ఉండటంతో, నడుస్తోందనే వదిన అనుకుందట. మంచం మీదే కూర్చుని, వాకర్‌ను చేత్తో ఎత్తి నేలకు కొడుతోందన్నమాట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ వద్దంటున్నా వినకుండా పెద్దమ్మకు కలిపాను.

"ఏం పెద్దమ్మా, చిన్నపిల్లవా నువ్వు? మంచంల కూసోని నేలను కొడ్తవా? ఎవలను మోసం చేస్తున్నవ్? రేపు కాలు పడిపోతే ఎవలు మోస్తరు నిన్ను?"

ఫోన్ కట్టయింది. మర్నాడు ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. అన్నం కూడా సరిగా తినడం లేదని వదిన చెప్పింది.

అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రాయగలిగింది ఒక్కటే: "నీ నోట్లె మన్నుబొయ్య, అది మొండితనం అనుకున్నవా? భయమే అది." నిజమే. అన్నీ మూతపడిన మొదటి రోజుల్లో పెద్దమ్మ ఒంటరిగా లేచి నిలబడబోతే కాలు వణికి, గోడ పట్టుకుని ఆగిందట. "మళ్ల పడితే దవాఖానకు ఎట్ల తీస్కపోతవ్ బిడ్డా, రోడ్లన్నీ బందాయె" అని వదినతో అందట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుందని వదిన అప్పుడు బయటపెట్టింది. నాకు నామీదే అసహ్యం వేసింది. పిల్లల్ని గద్దించినట్టు గద్దించాను, నన్ను ఎత్తుకు పెంచిన మనిషిని.

నాలుగో రోజు అమ్మ వదినకు ఫోన్ చేసి రహస్యంగా ఏదో చెప్పింది. అట్టముక్కను, దాని మీద శనగలు కదలకుండా, మళ్లీ వరండా బల్ల మీదికి చేర్చమంది. మధ్యాహ్నం ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మంచం పక్కన ఉంచి, గడప దగ్గర కనిపెట్టుకుని ఉండమంది. తర్వాత చిన్నమ్మను కలిపి, ఏమీ జరగనట్టు ఆట మొదలుపెట్టింది. గవ్వలు విసిరింది. ఒక్కటే వెల్లకిలా పడింది.

"అష్ట!" అని అరిచింది. "సచ్చింది సచ్చింది, అక్క కాయ సచ్చింది!"

"అయ్యో పాపం, చచ్చిందా?" అంది చిన్నమ్మ. అమ్మ ముందే చెప్పిందో, అమ్మ గొంతు విని తనే కనిపెట్టిందో ఇప్పటికీ చెప్పదు.

అటునుంచి మంచం కిర్రుమంది.

"నేను ఆడకుంట నా కాయను ఎట్ల సంపుతరే?" నాలుగు రోజుల తర్వాత పెద్దమ్మ గొంతు!

"నువ్వు ఆడకపోతే ఆట ఆగుతదా?" అంది అమ్మ.

"నా కాయ ఇంటు మార్కుల ఉన్నది. సంపరాదు."

"లేదు. దాని పక్క గడిల ఉన్నది."

"ఉన్నది!"

"మంచంల పన్నోళ్ల నోటికి ఏది వస్తే అదేనా? నేను నా గళ్లు చూసి చెప్తున్న. నువ్వు చూసినవా?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత వాకర్ చప్పుడు వినిపించింది. టక్. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్. ఈ చప్పుడు ఇదివరకటిలా వరుసగా లేదు. ఆగి ఆగి వస్తోంది. కొంచెం తగ్గింది. ఇంకా తగ్గింది. చివరికి చెవి ఫోన్‌కు ఆనించినా వినపడలేదు.

అప్పుడు ఎక్కడో దూరంగా, వరండాలోంచి కేక వచ్చింది.

"ఉన్నది! ఇంటు మార్కులనే ఉన్నది! తొండిదానా, దొంగదానా, నువ్వు చిన్నప్పటిసంది గింతే!"

అమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను. చేతులు చాచుకుని వెనకాలే నడిచిన వదిన, పన్నెండు అడుగులు అని తర్వాత లెక్క చెప్పింది.

ఆ రోజునుంచి మా ఆట వేరైపోయింది. ఎవరు గెలిచారన్నది వెనక్కి పోయింది. చప్పుడు దూరం పోతోందా లేదా అని ఇద్దరు చెల్లెళ్లూ చెవులు రిక్కించి వినేవాళ్లు. అమ్మ తొండి మాత్రం మానలేదు. పెద్దమ్మ కాస్త నీరసపడితే చాలు, అష్ట పడేది. తిట్లు తిట్టుకుంటూ పెద్దమ్మ లేచేది. చిన్నమ్మ షుగర్ కూడా తగ్గిందట. ఆ గొప్పలు ఆమె వేరే చెప్పుకుంటుంది.

బస్సులు మళ్లీ తిరిగాక, భయం కాస్త తగ్గాక, మిర్యాలగూడ వెళ్లాం. కోదాడనుంచి చిన్నమ్మ మాకంటే ముందే దిగి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని కబుర్లు చెబుతోంది. పెద్దమ్మ చేతికర్రతో గేటు దాకా వచ్చింది. నేను క్షమాపణ చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆమె నావైపు చూడను కూడా చూడలేదు.

"గవ్వలు తెచ్చినవానే?" అని అమ్మను అడిగింది.

వరండాలో, అదే బల్ల చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అమ్మ వేసింది. రెండు వెల్లకిలా, రెండు బోర్లా. అందరికీ కనిపిస్తూనే ఉంది. "రెండు" అంది అమ్మ బుద్ధిగా.

పెద్దమ్మ ముందుకు వంగి గవ్వల్ని చూసింది. అమ్మ మొహం కూడా చూసింది.

"కండ్లు కనవడ్తలేవా నీకు? అష్ట పడ్డది. జరుపు."

అమ్మ చేయి గాల్లోనే ఆగింది. ఎనిమిదో గడిలో పెద్దమ్మ శనగ ఉంది. ఇంటు మార్కు లేని గడి అది.

"జరుపవే. నా కాయను సంపు" అంది పెద్దమ్మ. అమ్మ ముక్కు ఎగబీలుస్తూ ఎనిమిది గళ్లు లెక్కపెట్టి ఆ శనగను పక్కకు తీసింది.

"ఇగ కూసోండ్రి, చాయ్ నేను పెడ్త" అని పెద్దమ్మ కర్ర అందుకుని లేచింది. వదిన లేవబోతే కళ్లతోనే కూర్చోబెట్టింది. ఎవ్వరం చేయి అందించలేదు. కర్ర చప్పుడు వంటింటి దాకా వెళ్లి ఆగేవరకూ అక్కడే కూర్చుని విన్నాం.