నోటుబుక్కులో నా పేరు

చిత్తూరులో ఆ డాక్టరుకు చూపించుకోవాలంటే ముందు కాంపౌండరు నోటుబుక్కులో పేరు పడాలి. డాక్టరుది వేలూరు. వారానికి ఒక్కరోజు, గురువారం మాత్రమే చిత్తూరికి వచ్చేవాడు. గొంతులోకి గొట్టం వేసి లోపల ఏముందో చూసే డాక్టరు మా చుట్టుపక్కల అప్పట్లో ఆయనొక్కడే అనేవాళ్లు. బుధవారం పొద్దున ఏడింటికి నోటుబుక్కు తెరిచేవాళ్లు. మొత్తం ముప్పై పేర్లు. వాకిట్లో నిలబడినవాళ్లవి ఇరవై, ఫోను చేసినవాళ్లవి పది. ఏడున్నరకల్లా మూసేసేవాళ్లు. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా మళ్లీ బుధవారమే.

నేను మూడో తరగతి దాకా చదివాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఇదుగో ఇట్లా రాస్తాను. ఇంగ్లీషు రాదు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, చదువు లేకపోవడం వల్ల ఇట్లా అయిందని ఎవరూ నా మీద జాలిపడకూడదు. అయినదానికీ చదువుకూ సంబంధం లేదు.

మా ఇంటాయనకు ముద్ద గొంతు దిగడం లేదని తెలిసింది సంగటి దగ్గర. రాగి సంగటి నమిలేది కాదు, ముద్ద చేసి పులుసులో అద్ది మింగేది. ఆయన ముద్దకొకసారి చెంబెత్తి నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. సంగటిలో వంక వెతుకుతున్నాడని నేను కోప్పడ్డాను. రాగులు మెత్తగా విసరలేదా, ఉడుకు చాలలేదా, ఏం తక్కువైందో చెప్పమన్నాను. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో వదిలిన ముద్దను మజ్జిగలో పిసికి సాయంత్రం మళ్లీ ఆయనకే పెట్టాను. తిండి పారేయడం నాకు చేతకాదు. అది తాగి, ఇదే బాగుందన్నాడు. అప్పుడైనా నాకు తట్టలేదు. నెల తిరిగేసరికి మూడు పూటలా మజ్జిగలో పిసికిందే అడిగేవాడు. నిండుగా బెల్లం పాకం ఉన్న పెనాన్ని ఒక పక్క తానొక్కడే పట్టి దించే మనిషి, పంచె జారిపోతుంటే పైకి లాక్కుంటూ చెరుకు గానుగ చుట్టూ తిరగడం చూశాక, మా పక్క ఊళ్లో సూదిమందు వేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన రెండు వారాలు సూదులు వేశాడు. తర్వాత, ఇది తన చేతిలో పని కాదని, చిత్తూరుకు గురువారం వచ్చే డాక్టరుకు చూపించమని చెప్పి ఒక ఫోను నంబరు రాసిచ్చాడు.

మాది పూతలపట్టు కూడలికి రెండు మైళ్ల లోపలి పల్లె. తొలి బస్సు ఎక్కినా ఏడింటికి ఆ వాకిట్లో ఉండలేము. కాబట్టి ఫోనే గతి. కూడలిలో ఒక సాయిబు టెలిఫోన్ బూతు పెట్టుకున్నాడు. అందరూ భాయ్ అనేవాళ్లు. అవి బెల్లం వండే రోజులు, పొద్దున పూట మా ఆయన పెనం వదిలి రావడానికి లేదు. నేనే పోయాను. ఆరున్నరకే వెళ్లి బూతు తలుపు ముందు కూర్చున్నాను. ఏడు కొట్టగానే భాయ్ నంబరు తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పినప్పుడల్లా అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు టుంయ్ టుంయ్ మని మోత. పది పన్నెండుసార్లకు గాని దొరకలేదు. అప్పటికి నా వెనక ఇద్దరు మనుషులు వచ్చి నిలబడ్డారు.

"పేషెంటు పేరు సెప్పమ్మా," అన్నాడు కాంపౌండరు.

"మా ఇంటాయనకు," అన్నాను.

"ఇంటాయనకు పేరుండాది గదా. అది సెప్పు."

మొగుడి పేరు పలికితే ఆయన ఆయుస్సు తరుగుతుందని మా అమ్మ నాకు చెప్పింది. ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. పెళ్లయిన ముప్పై మూడేళ్లలో ఆ పేరు నా నోటి నుంచి రాలేదు. రేషను కార్డు రాయడానికి వచ్చినా, ఓట్లు రాయడానికి వచ్చినా, పక్కింటావిడ మా ఆయన పేరు చెప్పేది, వాళ్లాయన పేరు నేను చెప్పేదాన్ని. మాకది ఎన్నడూ కష్టం కాలేదు. ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఆ అద్దాల డబ్బాలో నా పక్కన ఎవరూ లేరు. భాయ్‌కి మా ఆయన బెల్లమాయనగా తెలుసు గాని పేరు తెలియదు.

"కొండమీద ఆయన పేరే," అన్నాను.

"తల్లీ, కొండమీద ఆయనకు వెయ్యి పేర్లుండాయి. అందులో యాది రాసుకునేది నేను?"

ఆయన గొంతు పెద్దది. వెనక నిలబడినవాళ్లకు వినబడి నవ్వారు. భాయ్ నవ్వు ఆపుకుంటూ, జల్దీ చెప్పమని మీటరు వైపు చెయ్యి చూపించాడు. ఎర్ర అంకెలు మారిపోతున్నాయి. అవతల కాంపౌండరు పెట్టేస్తానంటున్నాడు. పెట్టేస్తే ఇంకో వారం పోయినట్టే.

"అట్లయితే నా పేరే రాసుకో," అని నా పేరు చెప్పాను. ఊరు చెప్పాను. వయసు అడిగితే ఆయన వయసు చెప్పాను. ఏడో నంబరని చెప్పి పెట్టేశాడు.

పేరుదేముంది, వరుసలో పిలవడానికే గదా అనుకున్నాను. ఎవరి సాయం లేకుండా పని చక్కబెట్టుకున్నానని ఇంటికి నడిచేటప్పుడు కొంచెం గర్వపడ్డాను కూడా.

తీరా గురువారం పోతే అక్కడ పేర్లతో పిలవనేలేదు. ఏడో నంబరు అన్నారు, లేచాము. కాంపౌండరు ముందే రాసిపెట్టిన కాగితం డాక్టరు ముందుంది. డాక్టరు మా ఆయన్ని చూశాడు, ఆయన్నే అడిగాడు, లోపలికి తీసుకుపోయి గొట్టం వేశాడు. కాగితం మీది పేరు చూశాడో లేదో నాకు తెలియదు. వాకిలి నిండా జనం. మా ఆయన బయటికి వచ్చినప్పుడు కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. లోపల గడ్డలాంటిది ఉందని, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతున్నామని, రెండు వారాలకు రిపోర్టు వస్తుందని, అది చూసి ఏం చేసేదీ చెబుతానని డాక్టరు చెప్పాడు. ముక్క వేసిన చిన్న సీసా మీద చీటీ అంటించారు. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

రెండో తడవ ఫోను చేసే ముందు, పోయినసారి బూతు దగ్గర నవ్వులపాలైనది గుర్తుపెట్టుకుని, మా ఊరి బడి అయ్యవారి చేత మా ఆయన పేరు, ఊరు, వయసు ఒక చీటీ మీద రాయించాను. ఆ చీటీ భాయ్‌కి ఇచ్చి చదవమన్నాను. ఆయన పొల్లుపోకుండా చదివాడు. పన్నెండో నంబరు.

గురువారం పోతే రిపోర్టు రాలేదన్నాడు కాంపౌండరు. బీరువాలో వెతికి, ఈ పేరుతో ఏమీ లేదని, వచ్చే వారం రమ్మని చెప్పాడు. రిపోర్టు లేకుండా లోపలికి పంపితే డాక్టరు తననే తిడతాడన్నాడు. సరేనని వచ్చాము. మళ్లీ బుధవారం చీటీ, మళ్లీ భాయ్ చదవడం, మళ్లీ గురువారం బస్సు. మళ్లీ రాలేదు. ఆ పై బుధవారం ఎంత తిప్పినా ఫోనే దొరకలేదు. దాని తర్వాతి వారం దొరికింది గాని రిపోర్టు రాలేదు. అట్లా నాలుగు గురువారాలు పోయాయి. మా ఆయన మజ్జిగలో పిసికిన సంగటి నుంచి అంబలికి దిగాడు. అంబలి నుంచి వడగట్టిన గంజికి దిగాడు. బస్సు మెట్టు ఎక్కడానికి నా భుజం పట్టుకునేవాడు. గానుగ ఆపేశాము. సగం చెరుకు పొలంలోనే ఎండింది.

ఐదో గురువారం నేను కాంపౌండరుతో పోట్లాటకు దిగాను. మా సీసా పారేశారని, పల్లెటూరివాళ్లమని తిప్పుకుంటున్నారని నోటికి వచ్చినట్టు అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు కోపం వచ్చింది. బీరువా తెరిచి ఎవరూ తీసుకుపోని రిపోర్టుల కట్ట బయటికి లాగి బల్ల మీద వేశాడు. అందరూ వినేటట్టు ఒక్కొక్క పేరే చదివాడు. ఆరో ఏడో ఉన్నాయి. ఆఖరుదాని దగ్గర ఆగి, తల అడ్డంగా ఊపాడు.

"ఇదో, ఈయమ్మ ఎవురో గానీ మీ పక్కదే. గొంతులో గడ్డ. రిపోర్టొచ్చి నెలవుతా ఉండాది, రాలా. సచ్చిందో బతికిందో," అని నా పేరు చదివాడు. మా ఊరి పేరు చదివాడు.

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే బాగుండుననిపించింది.

"బతికే ఉండా," అన్నాను. "ఆ పేరు నాదే. ముక్క తీసింది ఆయన దగ్గిర."

వాకిట్లో ఎవరూ నవ్వలేదు. కాంపౌండరు ఆ కాగితం వైపూ, బెంచీ మీద కూర్చున్న మా ఆయన వైపూ చూసి, వరుస తప్పించి మమ్మల్ని లోపలికి పంపాడు. డాక్టరు రిపోర్టు చదివాడు, తేదీ చూశాడు, మళ్లీ గొట్టం వేసి చూశాడు. ఎవరినీ ఏమీ అనలేదు. నెల ముందు వచ్చి ఉంటే వేలూరులో కోసి తీయడానికి అవకాశం ఉండేదని, ఇప్పుడు కూడా పోయి చూపించమని చెప్పి, ఉత్తరం రాసిచ్చాడు. పైన ఈసారి మా ఆయన్ని అడిగి ఆయన పేరే రాశాడు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరి దగ్గరికి వచ్చాక అడిగాడు.

"నా పేరు పలకకుండా ఉండేది నా ఆయుస్సు కోసరమే గదా?"

"ఆఁ."

"సరేలే. గమ్మునుండు. ఎవురికీ సెప్పబాకు. నిన్ను ఆడిపోసుకుంటారు."

నన్ను తిట్టి ఉంటే మోయగలిగేదాన్ని. ముప్పై మూడేళ్లలో ఆయన్ని నేను తిట్టినన్ని మాటలు ఆయన నన్ను అనలేదు, ఆ రోజు కూడా అనలేదు.

వేలూరులో రెండు రోజులు ఉంచుకుని చూశారు. గడ్డ పక్కలకు పాకిందని, కోసి లాభం లేదని చెప్పారు. పొట్టకు గొట్టం పెట్టి దాంట్లో గంజి పోయడం నేర్పించి పంపారు. గొట్టాన్ని పదిహేను రోజులకొకసారి చిత్తూరు డాక్టరుకు చూపించమన్నారు. గంజి పోసేటప్పుడు ఆయన నోరు చప్పరించేవాడు. నాలిక మీద ఏమీ పడకపోయినా చప్పరించేవాడు. ఒకరోజు సంగటిలో నంజుకునే చెనిక్కాయల ఊరిబిండి వాసన చూస్తానంటే రోట్లో నుంచి కొంచెం తీసి ముక్కు దగ్గర పెట్టాను. ఆ చెనిక్కాయ గింజలు విత్తనానికి దాచినవి. అడిగిందే చాలని దంచాను.

రెండుసార్లు చూపించుకుని వచ్చాము. మూడోసారికి బుధవారం పొద్దున కూడలికి పోతే చీటీ కొంగుముడిలో లేదు. యాడ జారిపోయిందో తెలియదు. వెనక్కి పోయి రాయించుకొచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. భాయ్ చెయ్యి చాచి చీటీ అడిగాడు. నంబరు తిప్పి ఫోను నాకిమ్మన్నాను. రెండో తిప్పుకే దొరికింది. కాంపౌండరు పేషెంటు పేరు అడిగాడు. చెప్పాను. ఇంటిపేరుతో సహా, నోరు తెరిచి, బూతు బయటికి వినబడేటట్టు చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. భాయ్ తల వంచుకుని మీటరు కాగితం చించుతూ కూర్చున్నాడు.

కాంపౌండరు నన్ను గుర్తుపట్టాడు.

"తొలి నంబరు ఏసుకుంటా ఉండా," అన్నాడు. "రేపు ఎనిమిదికి రాండి. ఒక్క నిమిషం గూడా నిలబెట్టను."

అన్నాళ్లలో మాకు తొలి నంబరు దొరకడం అదే మొదటిసారి. ఇంటికి వచ్చి ఆయనకు చెప్పాను. పేరు నేనే చెప్పానని మాత్రం చెప్పలేదు. విన్నాడో లేదో కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆ సాయంత్రం పొద్దు వాలకముందే పోయాడు.

పొద్దున పేరు పలికాను, సాయంత్రం మనిషి పోయాడు. ఈ సంగతి కూడలి నుంచి ఊళ్లోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మా అక్క అయితే నా ముఖం మీదే అడిగింది. నేను డాక్టరు చెప్పిన మాటే నమ్ముతానని ఆమెకు చెప్పాను. అడిగినవాళ్లందరికీ ఈ రోజుకీ అదే చెబుతాను. పలకనందుకు ఒక నెల పోయింది, పలికినందుకు ఏమీ పోలేదు అని. ఒంటరిగా ఉన్నప్పుడు నాకు నేను ఏం చెప్పుకుంటానో రాయను.

గురువారం ఎనిమిదింటికి మా వాకిట్లో ఆయన స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. గడియారం చూశాను. ఇప్పుడు అక్కడ తొలి నంబరు పిలుస్తూ ఉంటారు. ఎవరినైనా కూడలికి పంపి, మేము రావడం లేదు, ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వమని ఫోను చేయిస్తే బాగుండుననిపించింది. ఆ వేళలో ఆ మాట ఎవరితో అన్నా నాకు మతి చలించిందనుకునేవాళ్లు. గమ్మున కూర్చున్నాను. నంబరు వృథాగా పోయింది. ముద్ద దిగనివాళ్లు ఎవరో ఒకరు నంబరు దొరక్క ఆ పొద్దున ఆ వాకిట్లో నుంచి తిరిగి వెళ్లిపోయే ఉంటారు.