ఎనిమిదో మేకు

ఆదోనిలో మా వీధి చివర గంజి పెట్టిన నూలు ఆరేసినప్పుడల్లా, ఆ పుల్లటి వాసనతో ఎమ్మిగనూరులోని మార్తమ్మక్క మగ్గం గది గుర్తుకొస్తుంది. ఆదివారం బడిలో నాకు బైబిలు వాక్యం నేర్పింది, మిగతా రోజుల్లో నేత నేర్పింది ఆమే.

యాభైలలో ఒక ఎండాకాలం, నందవరం దగ్గరి పల్లెలో గుడిసెలు కాలిపోయాయి. ఇరవైయొక్క మంది ఆడవాళ్ళు దుప్పట్లు చుట్టుకుని, బయటికి రాలేక పశువుల కొట్టంలో కూర్చున్నారని మా చర్చి సంఘానికి కబురొచ్చింది. నేతవాళ్ళు ఇచ్చిన గుడ్డముక్కలు అక్క గదిలో కుప్పపడ్డాయి. రెండు ముక్కలు కలిసి పదహారు మూరలైతే ఒక చీర. పొద్దెక్కి ఆ పల్లెకు బండి కదిలేలోగా ఎన్ని చీరలవుతాయో తేలాలి. నేను ఒక్కో ముక్కనూ మిగతా అన్నిటి పక్కనా పెట్టి చూస్తున్నాను.

"అట్ల సూస్తే క్రిస్మస్ వస్తాదమ్మే," అంటూ అక్క గోడకు వరసగా పదహైదు మేకులు కొట్టింది. "ముక్కను కొలువు. పదహారుకు యెన్ని మూరలు తక్కువో ఆ మేకు కాడికి పో. ఆడ ముక్కుంటే రెండూ జత కట్టు. లేకుంటే దీన్ని దీని మూరల మేకుకే తగిలించు. అంతే."

పది మూరల ముక్క చేతికొస్తే ఆరో మేకు దగ్గరికి నడవడమే. చూస్తుండగానే కుప్ప కరిగింది. "ఇరవైయొకటి!" అని అరిచాను. అందరికీ చీరలొస్తున్నాయని పల్లెకు కబురు కూడా పంపాం.

మూటలు కడుతూ అక్క మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవయ్యే. ఎనిమిదో మేకుకు ఒకే ఒక్క ముక్క వేలాడుతోంది. తొందరలో దాన్ని ముందు తగిలించి, ఎనిమిదికి తక్కువా ఎనిమిదే కాబట్టి ఆ తర్వాత అదే మేకు చూసి, జత దొరికిందనుకున్నాను.

"దానికదే తోడైందా? నీడకిచ్చి పెండ్లి సేసినట్లుంది!" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

"యేడ్సేది తర్వాత. ముందు సూడల్ల, తర్వాత తగిలించల్ల. ఇరవైతో బండి పోనీ. నువ్వు కండెలకు నూలు సుట్టు."

మగ్గం మీద ఆమె తన కోసం వేసుకున్న పడుగు ఉంది. కీర్తనలు పాడుకుంటూ, ఒకరు అలిస్తే ఇంకొకరం కూర్చుని, పొద్దుగూకేసరికి ఎనిమిది మూరలు నేసి, మేకుకున్న ముక్కకు కుట్టాం. మర్నాడు ఆ చీర పట్టుకుని పల్లెకు నడిచాం.

కొట్టంలో ఒక ముసలమ్మ దుప్పట్లో మిగిలి ఉంది. "నన్ను మర్సిపోయినారనుకుంటి గదమ్మా," అన్నది. చీర కట్టుకుని, నడుమ కుట్టును తడిమి చూసుకుని, ఎండలోకి నడిచివచ్చింది.

అక్క ప్రభువులో నిద్రించి చాలా ఏళ్ళయింది. సంఘంలో సాయం పంచే పని ఇప్పుడు నాది. అందరికీ అందిందని చెప్పే ముందు, ఆ ముసలమ్మ ఇంకా ఎక్కడైనా కూర్చుని ఉందేమోనని వెతుకుతాను.