తోడికోడలి దీవిలో బడి చూడ్డానికి వెళ్ళాను

ఆస్ట్రేలియాలోనే ఏదైనా దీవికి మకాం మార్చి, పిల్లల్ని అక్కడే చదివిద్దామనుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను వెళ్ళింది మాత్రం మంచి మనసుతో కాదు, ముందే చెప్పేస్తున్నాను. మావారు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు. క్వీన్స్‌లాండ్‌లోని టౌన్స్‌విల్‌లో ఆయనకు ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఔనో కాదో చెప్పాలి. ఆ ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న మాగ్నెటిక్ ఐలాండ్‌లో మా మరిది, తోడికోడలు శిరీష రెండేళ్ళుగా కాపురం ఉంటున్నారు. మనమూ అక్కడే ఉందామని మావారి కోరిక. వాళ్ళు మెల్‌బోర్న్‌లో మేముండే టార్నీట్ వదిలి వెళ్ళేటప్పుడు "పిల్లాణ్ణి చదివిస్తావా, చేపలు పట్టిస్తావా?" అని నలుగురిలో నవ్వింది నేనే. బడి చూసి చెబుతానని బయల్దేరాను గానీ, వంకలు వెతకడానికే వెళ్ళాను.

గడువు రోజునే, అంటే ఆ శుక్రవారం తెల్లవారుజామున, తొమ్మిదేళ్ళ మా మేఘనతో మెల్‌బోర్న్‌లో విమానం ఎక్కాను. ఆలస్యంగా కొన్నందుకు ఇద్దరికీ రానూపోనూ తొమ్మిది వందల డాలర్లయింది. మూడు గంటల్లో టౌన్స్‌విల్‌లో దిగాం. అక్కణ్ణుంచి ఫెర్రీ రేవుకి ట్యాక్సీలో పావుగంట, ఫెర్రీలో ఇంకో అరగంట లోపే. ఆగస్టులో మా ఇంట్లో హీటర్ ఆపితే పళ్ళు టకటకలాడతాయి. ఇక్కడ స్వెటర్ తీసి సంచిలో కుక్కుకున్నాను. దీవిలో హైస్కూలు లేదు, ఏడో తరగతి నుంచి పిల్లలు రోజూ ఇదే ఫెర్రీలో ఊళ్ళోకి వెళ్ళాలి. నాకు దొరికిన మొదటి వంక అదే, సంతోషంగా ఫోన్‌లో రాసుకున్నాను.

రేవు దగ్గరే బస్సు ఉంటుంది, ఫెర్రీ వచ్చే వేళకి సిద్ధంగా నిలబడుతుంది. శిరీషవాళ్ళుండే హార్స్‌షూ బే వెళ్ళాలన్నాను. పెద్దాయన డ్రైవరు నన్నూ పిల్లనీ చూసి, సిరి చుట్టాలా అని ఇంగ్లీషులో అడిగాడు. మొన్న శిరీష ఇచ్చిన మామిడికాయ పచ్చడి వాళ్ళావిడ అయిపోగొట్టేసిందట. స్టాపు కాకపోయినా శిరీష ఇంటి ముందే దింపాడు. ఎనిమిదేళ్ళుగా టార్నీట్‌లో ఉంటున్నాను, పక్కింటివాళ్ళ పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

శిరీష పరుగెత్తుకొచ్చి సంచీలు అందుకుంది. పెరట్లో కరివేపాకు చెట్టు నాకంటే ఎత్తుంది, దాని పక్కన మునగ, బొప్పాయి. మెల్‌బోర్న్ చలికి నేను మూడు కరివేపాకు కుండీల్ని పోగొట్టుకున్నాను. ఈవిడేమో రెమ్మలు కాదు, కొమ్మలే విరిచి పప్పులో వేస్తోంది. కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూనే రెండోసారి కూడా పప్పు వేసుకున్నాను. ఇక్కడ కూరగాయలన్నీ టౌన్స్‌విల్‌లో కంటే ఖరీదట, తుఫానులొస్తే కరెంటు పోతుందట, ఎండాకాలం సముద్రంలో కుట్టే జెల్లీఫిష్‌ల బెడదట. అడక్కుండానే అన్నీ చెప్పింది. దాచి ఉంటే తిట్టుకోవడానికైనా నాకు వీలుండేది.

ఒంటిగంటన్నరకి బడికి వెళ్ళాం, ముందే ఫోన్ చేసి సమయం తీసుకున్నాను. చిన్న బడి. రెండేసి తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి చెబుతారు. ర్యాంకులు ఎలా ఇస్తారని టీచర్ని అడిగాను. ఆవిడ ఆ ప్రశ్న మళ్ళీ చెప్పించుకుని, ఎవరికి ఏది రావడం లేదో చూస్తామంది. మేఘనని కాసేపు తరగతిలో కూర్చోనిచ్చారు. వారానికి నాలుగు రోజులు స్కాలర్‌షిప్ పరీక్ష ట్యూషన్‌కి వెళ్ళి, గోళ్ళు కొరుక్కుని వేళ్ళు పుళ్ళు చేసుకునే పిల్ల, చెయ్యెత్తి ఏదో అడుగుతోంది. కిటికీ అద్దంలోంచి చూస్తూ నిలబడిపోయాను.

ఇంటికొచ్చాక శిరీష టీ ఇస్తూ అంది: "అక్కా, మా వీధి చివరిల్లు ఖాళీ అవుతోంది. మా అక్క చూసేదాకా ఎవరికీ ఇవ్వద్దని ఓనర్‌కి చెప్పిపెట్టా."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఈవిడ నవ్వనైనా లేదు. చేపలు పట్టిస్తావా అని నేనన్న మాటని మర్చిపోయినట్టే ఉంది. ఆవిడ చూపించిన ఇంట్లో, ఆవిడ చెప్పిన బడికే పిల్లని పంపుతూ, ఆవిడ వెనకాల వచ్చినదాన్నై బతకాలి. నాలుగున్నరకి మావారు ఫోన్ చేసి బడి ఎలా ఉందన్నారు.

"రెండు క్లాసులు కలిపి చెబుతారండీ. మన పిల్లకి కుదరదు. వద్దని రాసేయండి."

ఆయన సరేనని పెట్టేశారు. మేఘన నా వైపే చూస్తోంది. "అమ్మా, you liked it. I saw you at the window. Why did you tell Dad అట్లా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. శిరీషా విన్నదన్నమాట. పెరట్లోకి వెళ్ళి ఇరవై నిమిషాలు తిరిగాను. ఐదుకి పది నిమిషాలుండగా ఫోన్ చేశాను.

"బడి బాగుందండీ. నాకే కుళ్ళు. శిరీష వెనకాల రావడం నామోషీ అనిపించి అలా అన్నాను."

"నువ్వు చెప్పగానే మెయిల్ పంపేశానే" అన్నారు. అప్పటికప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేశారు, సోమవారం మళ్ళీ చేశారు. ఉద్యోగం వరసలో ఉన్న ఇంకొకరికి ఇచ్చేశామన్నారు ఆసుపత్రివాళ్ళు.

ఇది జరిగి మూడు నెలలైంది. వీధి చివరింట్లోకి ఎవరో నర్సు, ఆవిడ ఇద్దరు పిల్లలు దిగారని శిరీష చెప్పింది. ఆ నర్సు ఎవరో నాకు తెలియదు, ఆవిడ మీదా కుళ్ళుగానే ఉంది. నా బిడ్డ సంతోషం కంటే నా మాట నెగ్గడమే ఎక్కువైపోయింది ఆ రోజు. మేఘన మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. బుధవారం ట్యూషన్ దగ్గర దింపినప్పుడు కారు తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోతుంది. నేను కారులోనే కూర్చుని, టౌన్స్‌విల్‌లో ఇంకేమైనా ఖాళీలున్నాయేమోనని ఫోన్‌లో చూస్తుంటాను.

మీకొక్క సలహా. బడి చూడ్డానికి గడువు రోజున వెళ్ళకండి, కనీసం వారం ముందు వెళ్ళండి. తోడికోడలి ఇంట్లో కూర్చుని మాత్రం జవాబు చెప్పకండి.